పాయింటర్ అంటే 64 బిట్ల అంకె కాని చోట

పాయింటర్‌ను లాంగ్ అనే పూర్ణాంక రకంలో దాచి, మళ్లీ పాయింటర్‌గా మార్చి వాడే సి కోడ్ ఎక్స్86 లైనక్స్ మీద హాయిగా నడుస్తుంది. చెరి (CHERI) అంటే ప్రతి పాయింటర్‌తో పాటు దాని హద్దులనూ హార్డ్‌వేరే చూసుకునే పద్ధతి. అది ఉన్న ప్రాసెసర్ మీద, ఉదాహరణకు ఆర్మ్ వాళ్ల మోరెల్లో బోర్డు మీద, పాయింటర్లన్నీ చెరి పాయింటర్లయ్యేలా ఆ కోడ్‌ను కంపైల్ చేస్తే, ఆ పాయింటర్‌తో మెమరీని తాకగానే ప్రోగ్రామ్ ఆగిపోతుంది.

64 బిట్ల చెరిలో పాయింటర్ 128 బిట్లు. సగం అడ్రస్, మిగతా సగంలో కుదించిన హద్దులు, అనుమతులు ఉంటాయి. ఇవి కాక ఒక ట్యాగ్ బిట్ ఉంది. ప్రతి 16 బైట్లకూ ఒకటి చొప్పున హార్డ్‌వేరే దాన్ని విడిగా దాచుకుంటుంది. ఆ 16 బైట్లలో ఒక్క బైటును మామూలు డేటాగా రాసినా ట్యాగ్ సున్నా అవుతుంది, పాయింటర్ చెల్లదు.

చెరి కోసం మార్చిన ఎల్ఎల్‌విఎం కంపైలర్ ఈ పాయింటర్లను 200వ అడ్రస్ స్పేస్‌లో (పాయింటర్ రకాలను వేరుచేసే నంబరు అది) పెడుతుంది. రకాల సైజులు చెప్పే డేటా లేఅవుట్‌లో పాయింటర్ వెడల్పు 128, ఇండెక్స్ (ఆఫ్‌సెట్ లెక్క) వెడల్పు 64 అని వేరువేరుగా చెబుతుంది. నా దృష్టిలో అసలు కీలకం ఈ రెండో అంకే. పాయింటర్‌కు ఆఫ్‌సెట్ కలిపితే మారాల్సింది అడ్రస్ భాగం మాత్రమే. ఏఎండీ జీపీయూ బ్యాక్‌ఎండ్‌లోనూ ఇదే తేడా కనిపిస్తుంది: 7వ అడ్రస్ స్పేస్‌లో పాయింటర్ 160 బిట్లు, అంటే 128 బిట్ల బఫర్ డిస్క్రిప్టర్, 32 బిట్ల ఆఫ్‌సెట్. ఇండెక్స్ వెడల్పు 32. ట్యాగ్ మాత్రం అక్కడ లేదు.

ఎక్కువ తిప్పలు పెట్టేది మెమ్‌కాపీ. 16 బైట్ల కాపీని ఆప్టిమైజర్ రెండు 64 బిట్ల లోడ్, స్టోర్‌లుగా విడగొడితే బైట్లన్నీ చేరతాయి, ట్యాగ్ చేరదు. డీబగ్గర్‌లో అడ్రస్ సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి తప్పు ఎక్కడుందో ఓ పట్టాన దొరకదు. అందుకే అలైన్‌మెంట్ (అడ్రస్ 16 గుణిజమా కాదా అన్నది) తెలియని చోట, పాయింటర్ ఉండే అవకాశముంటే, కంపైలర్ ఆ కాపీని లైబ్రరీకే వదిలేయాలి. అది నడిచేటప్పుడు అలైన్‌మెంట్ చూసుకుని ట్యాగ్‌తో సహా కాపీ చేస్తుంది. ఒక్కో బైటునూ మార్చుకుంటూ పోయే సార్టింగ్ కోడ్‌కు ఈ రక్షణ లేదు. పాయింటర్ల అర్రేను దానికిస్తే అన్నీ చెల్లకుండా పోతాయి.

కోడ్‌ను చెరికి పోర్ట్ చేసేటప్పుడు లాంగ్ బదులు యుఇంట్‌పీటీఆర్_టీ (uintptr_t, పాయింటర్‌ను దాచడానికున్న పూర్ణాంక రకం) వాడాలి. చెరిలో అది ట్యాగ్‌ను మోస్తుంది. హ్యాష్ లెక్కకు అడ్రస్ ఒక్కటే కావాలి, అక్కడ అడ్రస్ మాత్రమే పట్టే పీటీఆర్అడ్ర్_టీ (ptraddr_t) చాలు. సొంత అలొకేటర్ 8 బైట్ల అలైన్‌మెంట్ ఇస్తుంటే 16 చేయాలి. ఒక పాయింటర్, ఒక ఇంట్ ఉన్న స్ట్రక్ట్ 16 నుంచి 32 బైట్లకు పెరుగుతుంది. రెండు యుఇంట్‌పీటీఆర్_టీలను కూడితే ఫలితానికి ఎవరి హద్దులు రావాలో తేలదు. కంపైలర్ ఎడమవైపు దాన్ని తీసుకుని హెచ్చరిక ఇస్తుంది. ఆ హెచ్చరికను అణిచేయకండి, ఆఫ్‌సెట్‌గా వాడేదాన్ని సైజ్_టీగా మార్చండి.