అయోర్టా ఆపరేషన్‌కు ముందు: నా ట్రైనింగ్ లాగ్

నడక నాకు చాలా ఏళ్ల అలవాటు. పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డు, వీలున్నప్పుడు సింహాచలం మెట్లు, ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ. ఇన్నాళ్లూ ఈ లాగ్‌లో దూరాలూ టైములే రాసుకున్నాను. ఈసారి రాస్తున్నది ఆపరేషన్ కోసం చేస్తున్న ట్రైనింగ్ గురించి.

కిడ్నీలో రాయి ఉందేమోనని తీయించిన అల్ట్రాసౌండ్‌లో, పొట్టలోంచి వెళ్లే పెద్ద రక్తనాళం, అంటే అయోర్టా, ఒకచోట ఉబ్బినట్టు కనిపించింది. అక్కడ మామూలుగా 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. 3 దాటితే అనూరిజం అంటారు. సీటీ స్కాన్‌లో నాది 5.7 వచ్చింది. మగవాళ్లకి 5.5 దగ్గర ఆపరేషన్ మాట ఎత్తుతారు, ఆ పైన పగిలే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి. గజ్జల్లోంచి స్టెంట్ గ్రాఫ్ట్, అంటే రక్తనాళం లోపల అమర్చే గొట్టం, పంపే పద్ధతి నాకు కుదరదన్నారు. కిడ్నీల నాళాల కింద గ్రాఫ్ట్ పట్టుకుని నిలబడటానికి సరిపడా మంచి గోడ లేదట. అందుకని పొట్ట తెరిచే ఆపరేషన్.

మత్తు డాక్టరు గారు ముఖానికి మాస్క్ పెట్టి సైకిల్ తొక్కించే పరీక్ష రాశారు. కాలికి పని పెరిగేకొద్దీ ఒంటికి అందే ఆక్సిజన్ ఒకచోట చాలకుండా పోతుంది, అప్పుడు కండరాల్లో ల్యాక్టేట్ అనే పదార్థం పేరుకోవడం మొదలవుతుంది. ఆ గీతని అనరోబిక్ థ్రెషోల్డ్ అంటారు. నాకు కిలో బరువుకి నిమిషానికి 10.2 మిల్లీలీటర్ల ఆక్సిజన్ దగ్గర వచ్చింది. పెద్ద వయసువాళ్ల పెద్ద ఆపరేషన్ల మీద ఆస్ట్రేలియాలో పాల్ ఓల్డర్ బృందం 1993లో ప్రచురించిన పనిలో 11 కంటే తక్కువ ఉన్నవాళ్లకే గుండె సమస్యలతో ముప్పు ఎక్కువగా కనిపించింది. ఇన్నేళ్లు నడిచిన నాకు 10.2 అంటే నమ్మబుద్ధి కాలేదు. ఆపరేషన్‌లో అయోర్టాని క్లాంప్‌తో బిగించినప్పుడు గుండె ఆ ఒత్తిడికి ఎదురు పంపు చేయాలి. క్లాంప్ వదిలినప్పుడు బీపీ ఒక్కసారి పడిపోతుంది. ఆ తర్వాత గాయం మానేన్ని రోజులూ ఒళ్లు మామూలుకంటే ఎక్కువ ఆక్సిజన్ అడుగుతూనే ఉంటుంది. గుండె పరీక్షలకీ, రక్తహీనత సరిచేయడానికీ ఎలాగూ ఆరు వారాలు పట్టేలా ఉంది. ఆ టైమ్‌ని వ్యాయామానికి వాడుకోవచ్చని సర్జన్ గారు ఒప్పుకున్నారు. వ్యాయామం కోసమని ఆపరేషన్ తేదీని ఒక్కరోజు కూడా వెనక్కి జరపలేదు.

ఇంగ్లండ్‌లోని హల్‌లో ఇలాంటి రోగుల మీద జరిగిన అధ్యయనం 2016లో వచ్చింది. 124 మంది. సగం మందికి ఆపరేషన్‌కు ముందు ఆరు వారాలు, వారానికి మూడుసార్లు క్లాసులు పెట్టారు. వ్యాయామం చేసిన 62 మందిలో 14 మందికి గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీల ఇబ్బందులు వస్తే, చేయని 62 మందిలో 26 మందికి వచ్చాయి. ఒక్క చిన్న అధ్యయనమే, ఇంకా గట్టి ఆధారాలు కావాలనే వాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం మొదలుపెట్టడానికి అది చాలింది.

మొదటి వారం

ఫిజియోథెరపీ సెంటర్‌లో 30 మీటర్ల వరండాలో ఆరు నిమిషాల నడక పరీక్ష: 385 మీటర్లు. కుర్చీలోంచి చేతులు వాడకుండా లేచి కూర్చోవడం, 30 సెకన్లలో: 9 సార్లు.

గిరి ప్రదక్షిణ దగ్గరకొస్తోంది, అది కూడా ట్రైనింగ్ కిందకి వస్తుందా అని ఫిజియో అమ్మాయిని అడిగాను. "అంకుల్, అది ఓపిక. మనకిప్పుడు ఆయాసం కావాలి" అంది. ఈ లాగ్‌లో నేను రాసుకున్న అన్నిటికంటే పనికొచ్చిన మాట అదే. కబుర్లు చెప్పుకుంటూ గంటల తరబడి నడిస్తే గుండె తనకి అలవాటైన పనే చేస్తుంది. థ్రెషోల్డ్ పైకి జరగాలంటే వారంలో కొన్ని రోజులైనా కాసేపు దాని దాకా వెళ్లి రావాలి.

పద్ధతి ఇది. స్టాటిక్ సైకిల్ మీద పది నిమిషాలు తేలిగ్గా తొక్కాలి. తర్వాత రెండు నిమిషాలు గట్టిగా, రెండు నిమిషాలు నెమ్మదిగా. మొదట్లో నాలుగు విడతలు. చివర్లో ఐదు నిమిషాలు తగ్గిస్తూ ఆపాలి, హఠాత్తుగా దిగకూడదు. వారంలో మూడు రోజులు సెంటర్‌లో, వాళ్ల కళ్లెదుటే. మిగతా రోజులు మామూలు నడక, ఒక రోజు పూర్తి విశ్రాంతి.

నేను మెటోప్రోలాల్ వేసుకుంటాను. అది గుండె వేగాన్ని పెరగనివ్వదు కాబట్టి వాచీలో కనిపించే పల్స్‌ని నమ్ముకోలేను. సున్నా నుంచి పది దాకా ఆయాసం స్కేలే నా కొలత. నెమ్మది విడతలో 2 లేక 3, గట్టి విడతలో 5 లేక 6. ఆరు అంటే మాట్లాడగలను గానీ వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తుంది.

నాకు పెట్టిన హద్దులు: మొదలుపెట్టే ముందు పై బీపీ 160 దాటితే ఆ రోజు సైకిల్ లేదు. మధ్యలో 180 దాటితే ఆపేయాలి. ఇవి నా డాక్టర్లు నాకు పెట్టినవి, ఎవరి హద్దులు వాళ్ల డాక్టర్లనే అడగాలి. హ్యాండిల్‌ని పిడికిలి బిగించి పట్టుకుంటే బీపీ పెరుగుతుంది, వేళ్లు ఊరికే ఆనించాలి. ఊపిరి బిగబట్టి ముక్కే పని ఏదీ వద్దు. నీళ్ల బకెట్, గ్యాస్ సిలిండర్ ముట్టుకోవద్దు, మలబద్ధకం రానివ్వొద్దు. కుర్చీ వ్యాయామంలో ఊపిరి బిగబట్టకుండా ఉండాలంటే "ఒకటి, రెండు" అని పైకి లెక్కపెడుతూ లేవడమే మంచి ఉపాయం. నడుములో గానీ పొట్టలో గానీ హఠాత్తుగా నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం వస్తే ఆటో కోసం చూడకుండా 108. మా ఆవిడ ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించింది.

మూడో వారం

హిమోగ్లోబిన్ 11.2 ఉంది. మగవాళ్లకి 13 ఉండాలి. ఆక్సిజన్ మోసేదే తక్కువైనప్పుడు కాళ్లు ఎంత తొక్కితే ఏం లాభం! ఐరన్ నిల్వలు కూడా తక్కువని తేలడంతో, మాత్రలతో నెమ్మదిగా అయ్యే పని కాదని ఐరన్‌ని సెలైన్‌లో కలిపి ఎక్కించారు. ఆపరేషన్ ఉన్నవాళ్లు ఈ ఒక్క పరీక్ష గురించి ముందే అడగండి, చివరి వారంలో తెలిస్తే చేయడానికి టైమ్ ఉండదు.

నా బరువు 71 కిలోలు. డైటీషియన్ రోజుకి 85 గ్రాముల ప్రొటీన్ చెప్పారు. మన భోజనంలో అన్నం తగ్గకుండా ఇది కుదరదు. పొద్దున రెండు పెసరట్లు, ఉడికించిన గుడ్లు, మధ్యాహ్నం ముద్దపప్పు, చేప, రాత్రి చప్పిడి పనీర్, పెరుగు. కిడ్నీ పరీక్ష మామూలుగా ఉందని చూసుకున్నాకే ఇది మొదలుపెట్టాం.

విడతలు ఆరుకి పెంచారు. రెండో రోజు తొడలు బాగా పట్టేశాయి. ఒక విడత తగ్గించి, మర్నాడు మెల్లగా నడిచాను. సర్దుకుంది.

ఐదో వారం

వానలు. నడక అపార్ట్‌మెంట్ కారిడార్‌లోకి మారింది. సైకిల్ ఎనిమిది విడతలకి చేరింది, లోడ్ కూడా ఒక మెట్టు పెరిగింది. రెండంతస్తులు ఆగకుండా ఎక్కాను, పైకి చేరాక ఆయాసం 4. గిరి ప్రదక్షిణ రోజు ఇంట్లోనే ఉన్నాను. ఆ జనంలో నడవలేకపోయినందుకు మనసుకి కష్టంగానే ఉంది.

మూడు బంతుల స్పైరోమీటర్, అంటే ఊపిరి పీల్చే సాధన చేయించే పరికరం, మొదలైంది. పొట్ట మీద కోత ఉన్నవాళ్లు నొప్పికి పైపైనే ఊపిరి తీస్తారు, అప్పుడు ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోయి నిమోనియా వచ్చే వీలుంది. ఒక్కసారిగా గుంజితే బంతులు ఎగురుతాయి గానీ ఉపయోగం లేదు. నెమ్మదిగా లోపలికి పీల్చి, బంతిని మూడు సెకన్లు పైన నిలపాలి.

ఆరో వారం

మళ్లీ కొలతలు. ఆరు నిమిషాల నడక 440 మీటర్లు. 30 మీటర్లు పెరిగితేనే నిజమైన మార్పుగా లెక్కేస్తారు, నాకు 55 పెరిగింది. కుర్చీ 13 సార్లు. మాస్క్ పరీక్షలో థ్రెషోల్డ్ 11.9. ఇందులో ఐరన్ వాటా ఎంత, సైకిల్ వాటా ఎంత అని విడదీయలేం. రిపోర్ట్ చూసి మత్తు డాక్టరు గారు, ఐసీయూ బెడ్ మాత్రం ముందు అనుకున్నట్టే ఉంచుతామన్నారు. అదే మంచిదనిపించింది.

ఆపరేషన్ వచ్చే వారం. చివరి మూడు రోజులూ సైకిల్ లేదు, తేలిక నడకే. ఇప్పుడు సాధన చేస్తున్నవి రెండు. ఒకటి, పక్కకి దొర్లి మోచేతి మీద భారం వేసి మంచం మీంచి లేవడం. రెండోది, చిన్న దిండుని పొట్టకి హత్తుకుని దగ్గడం. ఆసుపత్రి బ్యాగ్‌లో స్పైరోమీటర్, ఆ దిండు, మందుల జాబితా పెట్టేశాం. మెటోప్రోలాల్ ఆపొద్దన్న మాట జాబితా పైన పెద్ద అక్షరాలతో రాశాను.