పారేద్దామన్న కిటికీలు

"మీ దేశంలో ఇలాగే పారేస్తారా?"

మొన్న మార్చిలో ఒక మంగళవారం పొద్దున్నే, సైటులో అందరి ముందూ మా వడ్రంగి పెద్దాయన నన్ను అడిగిన మాట ఇది. నేనన్నది ఒక్కటే. "ఈ తొమ్మిది కిటికీలూ పీకేసి కొత్తవి పెట్టేద్దాం, మూడు రోజుల్లో పని అయిపోతుంది" అన్నాను. ఎస్టిమేట్ వేసేది నేనే. కొత్త ప్లాస్టిక్ కిటికీ ఎంత, పాతదాన్ని బాగుచేస్తే కూలీ ఎన్ని గంటలు అని లెక్క చూసుకునే అన్నాను. ఆయన లెక్క అడగలేదు, దేశాన్ని అడిగాడు. నా ముఖం వేడెక్కిపోయింది. గట్టిగా ఏదో ఒకటి అనేద్దామని నోటిదాకా వచ్చింది కానీ ఆగిపోయాను. ఎందుకంటే పారేస్తాం. మా ఇంట్లోనే పారేశాం.

బెర్లిన్‌లో నాకిది ఏడో ఏడు. పాత ఫ్లాట్లు కొని, బాగుచేసి అమ్మే చిన్న కంపెనీలో సైట్ ఇంజనీరుగా చేస్తున్నాను. ప్రపంచ యుద్ధాలకు ముందు కట్టిన ఇలాంటి ఇళ్లను ఇక్కడ ఆల్ట్‌బౌ అంటారు. మేం అప్పుడు చేస్తున్నది ఫ్రీడెనౌలో, 1908లో కట్టిన బిల్డింగులో రెండో అంతస్తు. 1871లో ఫ్రాన్స్‌తో యుద్ధం ముగిశాక పుట్టిన పేట అది, పేరులోనే శాంతి ఉంది. 1920 దాకా బెర్లిన్‌లో కలవకుండా విడిగానే ఉండేది. విప్లవ నాయకురాలు రోజా లక్సెంబర్గ్ కొన్నాళ్లు ఈ పేటలోనే కాపురముంది, రచయిత గుంటర్ గ్రాస్ ఇల్లూ ఇక్కడే ఉండేది. వీధికి రెండు వైపులా చెట్లు. ఒక్కో చెట్టుకీ చిన్న నంబరు బిళ్ళ కొట్టి ఉంటుంది. వచ్చిన కొత్తలో అది చూసి, మనుషులకు రేషన్ కార్డులా వీళ్లు చెట్లకు కూడా లెక్క రాసుకుంటారని అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

ఫ్లాటు 118 చదరపు మీటర్లు. పైకప్పు ఎత్తు దాదాపు మూడున్నర మీటర్లు. వీధి వైపు గదుల్లో పైకప్పు చుట్టూ నగిషీ పని ఉంది. వందేళ్లుగా వేసిన రంగు మీద రంగుతో అది ఉబ్బిపోయి, ఉడికిన పిండిలా కనిపించేది. ఇద్దరు కుర్రాళ్లు వారం రోజులు నీళ్లతో తడిపి, చిన్న చిన్న పుల్లలతో గీకితే ఒక్కో ఆకూ, ఆకు మీది ఈనెలూ బయటపడ్డాయి. ముందు భాగాన్నీ వెనక రెక్కనూ కలిపే మూల గదికి పెరటి వైపు ఒకే ఒక్క కిటికీ. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ సంధ్యవేళలా ఉంటుంది. దాన్ని ఇక్కడ 'బెర్లినర్ సిమ్మర్' అంటారు. అది నాకు మొదటిరోజే నచ్చింది, మా నడిమింటి గది గుర్తొచ్చి.

పెద్దాయన ఆ మాటతో ఊరుకోలేదు. ఒక రెక్క ఊడదీసి బల్ల మీద పెట్టి, గీకుడు కత్తీ మాస్కూ నా చేతికిచ్చాడు. "ఇదొక్కటి నువ్వు బాగుచెయ్యి. తర్వాత కూడా పారేద్దామనిపిస్తే నేనే కిందకి మోసుకెళ్లి పడేస్తాను" అన్నాడు.

ఈ కిటికీలు జోడు కిటికీలు. బయట ఒక జత రెక్కలు, లోపల ఒక జత, మధ్యలో జానెడు ఖాళీ. ఆ ఖాళీలో నిలిచిన గాలే చలిని ఆపుతుంది. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో చలికాలం పాలూ వెన్నా ఆ సందులో పెట్టుకునేవారట. గీకుతుంటే తెలుపు కింద లేత పసుపు, దాని కింద బూడిద రంగు, అన్నిటికీ అడుగున ముదురు గోధుమ రంగు. పాత రంగుల్లో సీసం ఉంటుంది కాబట్టి మాస్కు తీయడానికి లేదు. రాయిలా బిగిసిన పుట్టీని వేడిచేసి, మెత్తబడ్డాక వేలెడు వేలెడు చొప్పున తీశాను. అద్దం కొంచెం అలలు అలలుగా ఉంది. దాన్ని పైకెత్తి పట్టుకుని చూస్తే, వీధిలోని లిండెన్ చెట్టు నీళ్లలో కదిలినట్టు కదిలింది.

చెక్క పైన్. పుచ్చింది ఎంతో తెలుసా? వాన చుక్క పడి నిలిచే కింది బద్దలో, మూలన, నాలుగు వేళ్ల మేర. అంతే. ఆ నాలుగు వేళ్ల మేరే ఏటవాలుగా కోసి, అదే కొలతకు కొత్త ముక్క చెక్కి అతికించాడు పెద్దాయన. అవిసె నూనె పుట్టీ నా చేత పెట్టించాడు. ఒక్క రెక్కకు రెండున్నర రోజులు పట్టింది. ఆ రెక్కను మళ్లీ దాని చోట పెట్టి మూస్తే, కిందనించి వెళ్లే బస్సు చప్పుడు సగానికి తగ్గింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాలుగు వేళ్లు పుచ్చితే నాలుగు వేళ్లే కోశాడు. మేమేం చేశాం?

మాది అమలాపురం పక్కన చిన్న ఊరు. ముత్తాత కట్టించిన మండువా లోగిలి మాది. 1996 నవంబరు 6న తుఫాను వచ్చిన రాత్రి నాకు తొమ్మిదేళ్లు. వీధి వైపు పెంకంతా లేచిపోయింది, రెండు దూలాలు కూలాయి. మమ్మల్ని పిల్లలందరినీ ధాన్యం గదిలో కూర్చోబెట్టి అమ్మ, పిన్ని తలుపుకి వీపులు ఆనించి నిలబడ్డారు. తెల్లారి చూస్తే మండువాలో ఆకాశం మాత్రమే ఎప్పటిలా ఉంది. మూడేళ్లకు నాన్న, బాబాయి వాటాలు పంచుకుని, ఇల్లు మొత్తం పడగొట్టి చెరో శ్లాబు ఇల్లు వేసుకున్నారు. టేకు స్తంభాలు, తలుపులు, గవాక్షాలు పాత కలప వ్యాపారి లారీలో ఎక్కించుకుపోయాడు.

పెద్దాయనకు ఇదంతా ఎలా చెప్పాలి? వేసవి వేసవికి పెంకు నేయించాలంటే మనిషి దొరకడని, వాన ఎటు కురిసినా పక్కలు ఈడ్చుకుంటూ తిరిగామని, చెద పట్టని వాసం లేదని ఎలా చెప్పాలి? అన్నదమ్ములిద్దరికీ ఒకే మండువా వాటాకు తెగదు. ఆ ఒక్క రాత్రి చూసినవాడు శ్లాబు కింద పడుకోవాలనుకోవడం తప్పు కాదు. నాన్న తప్పు చేశాడని ఇవాళ్టికీ నేననను. ఇక్కడ పాత ఇల్లు బాగుచేస్తే అమ్ముడుపోతుంది, బ్యాంకు అప్పిస్తుంది, కొనేవాడు ఆ నగిషీ చూసే కొంటాడు. మా ఇంటికి బాగుచేయడానికి పైసా ఇచ్చినవాడు లేడు, విప్పిన కలపకే డబ్బులిచ్చారు.

ఇదంతా మర్నాడు కాఫీ దగ్గర వచ్చీరాని జర్మన్‌లో చెప్పాను. కొంచెం కోపంగానే చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "నేను పనిలో చేరింది 1978లో, పదహారేళ్లకి. మొదటి ఏడాదంతా నా పని ఇవే కిటికీలు పై అంతస్తుల నుంచి చెత్త తొట్టెలోకి విసరడం. అద్దం పగిలిన చప్పుడు బాగుంటుందని పందేలు వేసుకునేవాళ్లం."

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు మిగిలిన ఇళ్ల ముఖాల మీది నగిషీలను తర్వాతి దశాబ్దాల్లో వీళ్లే చెక్కేసి నున్నగా పూసేశారని, క్రాయిట్స్‌బర్గ్, వెడ్డింగ్ లాంటి పేటల్లో వీధులకు వీధులే పడగొట్టారని నాకు పుస్తకాల్లో తెలుసు. ఖాళీ ఇళ్లలో జనం చొరబడి కూర్చుని అడ్డుకున్నాకే, 1980లలో, పడగొట్టకుండా బాగుచేయడం పద్ధతిగా మారింది. కానీ ఆ తొట్టె పక్కన నిలబడ్డ మనిషి నోటి నుంచి వినడం వేరు. నా మీద విసిరిన మాటలో తన పదహారేళ్లు కూడా ఉన్నాయని నాకప్పుడు తెలిసింది. సారీ అని ఆయనా అనలేదు, నేనూ అనలేదు. మిగిలిన కిటికీలన్నీ బాగుచేయించాను. ఎస్టిమేట్ తిరగరాసి, మా ఓనరును ఒప్పించడానికి రెండు వారాలు టెన్షన్ పడ్డాను.

ఫ్లాటు జూన్‌లో అమ్మకానికి పెట్టారు. ధర ఏడున్నర లక్షల యూరోలు. కొన్నవాళ్లు దాని మీద ఆరు శాతం పన్ను, అంటే ఇంకో 45 వేలు, నోటరీ ఖర్చు, బ్రోకరు వాటా కూడా కట్టుకోవాలి. నా జీతానికి అందేది కాదు, ఆ ఆశా లేదు. ఇల్లు చూడటానికి వచ్చిన ఒక ముసలామె మాత్రం గదులేవీ చూడకుండా తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్లి, లోపలి రెక్క తెరిచి, బయటి రెక్క తెరిచి, మళ్లీ రెండూ మూసి, ఆ ఇత్తడి పిడి మీద చెయ్యి అలాగే ఉంచుకుని నిలబడింది. నేను నేర్చుకున్న రెక్క అదే.

ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. మన పాతింటి చెక్కల్లో ఏమైనా మిగిలిందా అని అడిగాను.

"వీధి గుమ్మం గడప ఉందిరా. లారీ వాడికి ఇవ్వనన్నాను. ఎన్ని పండగలకు పసుపు రాశానో. పాకలో ఆవు తొట్టి కింద ఎత్తుకి పెట్టాం. మీ బాబాయి కొత్తింటికి పెడదామంటే వెడల్పు సరిపోలేదు."

"పుచ్చిందా?"

"ఒక చివర కాస్త."

"వెడల్పు ఎంతుందమ్మా?"

"టేపు ఎక్కడుందో, ఏమో. ఉండు." ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు, ఆవు మెడ గంట, చీపురు పక్కకు జరిపిన చప్పుడు. అమ్మ వంగి లెక్కపెట్టడం ఇక్కడికి వినిపిస్తోంది. "ఒకటి... రెండు... ఏడు జానలు, మీద నాలుగు వేళ్లు. రాసుకున్నావా?"