ఫారంలో తెలుగు

"అమ్మా, ఇక్కడ అబద్ధం రాశావు."

పోయిన మంగళవారం రాత్రి అన్నాలు తిన్నాక మా అమ్మాయి ఒక కాగితం నా ముందు పెట్టి అన్న మాట ఇది. ఇంగ్లీషులోనే అంది. ఇక్కడ ఇంగ్లండ్‌లో స్కూలు వాళ్లు ఏటా పంపే వివరాల ఫారం అది. అడ్రసు, ఫోన్ నంబర్లు, అలర్జీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టి పంపాలి. మధ్యలో రెండు గడులు. మొదటి భాష: తెలుగు. ఇంట్లో మాట్లాడే భాష: తెలుగు. రెండో గడి మీద వేలు పెట్టి, "ఇది కొట్టేసి ఇంగ్లీషు అని రాయి. మా ఫారంలో చాలామంది అలాగే రాశారు" అంది.

"ఏ ఫారంలో?" అన్నాను, చేతిలో ఉన్న కాగితం గురించే అనుకుని.

"మా ఫారం. నా క్లాసమ్మా."

దానికి 11 ఏళ్లు. సెప్టెంబరులో ఇయర్ సెవెన్‌కి, అంటే హైస్కూలు మొదటి ఏడాదికి వచ్చింది. అప్పటి నుంచీ మా ఇంట్లో ఈ ఒక్క మాటే రకరకాలుగా తిరుగుతోంది. పొద్దున హాజరు వేసే టీచరు ఫారం ట్యూటరు. పెద్ద పిల్లలు చదివేది సిక్స్త్ ఫారం. వాళ్ల నాన్నకేమో క్రికెట్లో ఎవరు ఫామ్‌లో ఉన్నారన్నదే ముఖ్యం. తణుకు దగ్గర ఊళ్లో ఉండే మా అమ్మకు ఫోన్లో "పిల్ల ఫారానికి వెళ్లింది" అంటే ఒక్క క్షణం ఆగిపోయింది. మా వైపు ఫారమంటే కోళ్లఫారమే కదా.

ఆ తర్వాత అమ్మకే గుర్తొచ్చింది. "మీ తాతయ్య ఫోర్త్ ఫారం దాకా చదివాడే" అంది. మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో మన దగ్గరా అదే లెక్క. ఐదో తరగతి అయ్యాక ఫస్ట్ ఫారం, అలా సిక్స్త్ ఫారం దాకా వెళితే ఎస్సెస్సెల్సీ. ఆ సంగతి చెబితే మా అమ్మాయి కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. తన ముత్తాత కూడా ఫారంలో కూర్చున్నాడని ఆ రోజంతా సంబరపడింది. ఆమధ్య ఒక రోజు తనే నాకు ఇంకో రెండు అర్థాలు చెప్పింది. పూర్వం బడిలో పిల్లలు కూర్చునే పొడుగాటి బల్లను ఫారం అనేవారట. అలాగే చెవుల పిల్లి గడ్డిలో ఒదిగి పడుకుంటే దాని ఒంటి మేరకు పడే పల్లాన్ని కూడా ఫారం అనే అంటారట. అది లేచి వెళ్లిపోయినా ఆ గడ్డి కాసేపు అలాగే ఉంటుందని చేతులు దగ్గరకు చేర్చి, దోసిలిలా పెట్టి చూపించింది.

అంత ముచ్చటగా మాటల గురించి చెప్పిన పిల్ల తెలుగును కొట్టేయమనేసరికి నాకు రోషం వచ్చింది. కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. ఫారమంటే రూపమే కదా, మీ ఫారానికి ఎన్ని అర్థాలున్నాయో మన రూపానికీ అన్ని ఉన్నాయి. అమ్మమ్మ మెడలో గొలుసుకున్న అమ్మవారి బిళ్ల ఉంది చూశావా, దాన్ని రూపు అంటారు. రూపాయి అన్న మాటలోనూ ఆ రూపమే ఉంది. ముద్ర వేసిన వెండి కాబట్టి రూప్యం, దాని నుంచి రూపాయి. రూపమంటే అందం కూడా. అందగత్తెను రూపసి అంటాం. లాటిన్‌లోనూ అంతే, ఫోర్మా అంటే ఆకారం, అందం రెండూ. అలా పది నిమిషాలు చెప్పాను. చివరలో "నామరూపాలు లేకుండా పోవడం అంటే ఏంటో తెలుసా?" అని అడిగాను.

అది నెమ్మదిగా, "ఇదంతా నువ్వు ఇంగ్లీషులోనే చెప్పావు అమ్మా" అంది.

నిజమే. తొందరగా అర్థం కావాలని ఇంగ్లీషులో చెప్పాను. తెలుగు గొప్పదనాన్ని కూడా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇక్కడి స్కూళ్ల లెక్కల్లో మొదటి భాష అంటే ఏమిటో వెతికి చదివాను. పసితనంలో పిల్ల చెవిన పడి, ఇప్పటికీ ఇంట్లోనో తమ వాళ్ల మధ్యో వినిపిస్తూ ఉన్న భాష. ఇంగ్లీషూ ఇంకో భాషా రెండూ విని పెరిగిన పిల్లలకు ఆ రెండోదే రాయాలి. అంటే నేను రాసింది తప్పు కాదు. మర్నాడు పొద్దున్నే చూపించి గెలవాలనుకున్నాను. కానీ "ఇప్పటికీ వినిపిస్తూ" అన్న దగ్గర మనసు ఆగిపోయింది.

తర్వాత రెండు రోజులు నన్ను నేనే గమనించుకున్నాను. దానితో నేను తెలుగులో అనే మాటలు ఇవి: లే. టైమైంది. తిను. ఫోన్ పక్కన పెట్టు. జాగ్రత్త. లెక్కలు చెప్పేది ఇంగ్లీషులో. స్నేహితురాలు పుట్టినరోజుకు పిలవలేదని ఏడుస్తూ వస్తే దగ్గరకు తీసుకుని ఓదార్చింది ఇంగ్లీషులో. రాత్రి నేనూ మా ఆయనా తలుపు దగ్గరగా వేసి ఇంటి లోను గురించి, ఊళ్లో నాన్న ఆపరేషన్ గురించి గొంతు తగ్గించి మాట్లాడుకునేది తెలుగులో. ఈ లెక్కన దాని చెవికి తెలుగంటే ఆజ్ఞ, లేకపోతే టెన్షన్. నవ్వు, ఓదార్పు, కబుర్లు అన్నీ అవతలి భాషకు ఇచ్చేసింది నేనే. పిల్ల తెలుగు వద్దంటోందని ఎవరి మీద కోపం తెచ్చుకోను?

ఆదివారం తెలుగు క్లాసు దగ్గర కొత్తగా వచ్చిన తల్లులకు నేను ధైర్యంగా చెప్పేదాన్ని: ఇంట్లో తెలుగే మాట్లాడండి, చాలు, భాష దానంతటదే వస్తుంది అని. పోయిన వారం కూడా ఒకావిడకు చెప్పాను. ఇప్పుడు ఆవిడ ఎదురైతే ఏం చెప్పాలో తెలియడం లేదు. తెలుగులో పోట్లాడండి, సరే, కానీ తెలుగులో బుజ్జగించండి కూడా, అని చెప్పాలనుంది. మరి అలసిపోయి ఇంటికొచ్చిన రాత్రి ఏడుస్తున్న పిల్లకు సగమే అర్థమయ్యే భాషలో ఓదార్పు చెప్పడం న్యాయమా? అప్పుడు దానికి కావాల్సింది అమ్మా, భాషా? ఇది నాకు తేలడం లేదు.

ఈ రోజు పొద్దున అది స్కూలుకు వెళ్లాక దుప్పటి సర్దబోయాను. మోకాళ్లు ముడుచుకుని పడుకుంటుంది, పసిపిల్లప్పటి నుంచీ అంతే. పరుపు మీద వీపు ఆనిన చోట, మోకాళ్ల దగ్గర, దిండు మీద తల మేర పల్లం అలాగే ఉంది. చెయ్యి పెడితే ఇంకా కాస్త వెచ్చగా ఉంది. వెంటనే సర్దబుద్ధి కాలేదు. అమ్మకు ఫోన్ చేసి, చెవుల పిల్లి పడుకుని లేచిన చోటును మనం ఏమంటామని అడిగాను. "పడుకున్న చోటు అంటాం, ఇంకేమంటాం? ఎందుకే?" అంది. ఎందుకో చెప్పలేకపోయాను.

సాయంత్రం ఆ కాగితం మళ్లీ తీశాను. మొదటి గడిని అలాగే ఉంచి రెండో గడిలో తెలుగు పక్కన ఇంగ్లీషు అని చేర్చాను. మా అమ్మాయి చూసి, "పర్వాలేదు" అని, మళ్లీ ఆగి, "ఏబీసీడీల ప్రకారమైతే ఇంగ్లీషు ముందు రావాలి కదా. తెలుగు ఎందుకు ముందుంది?" అని అడిగింది.

ఈసారి తెలుగులో చెబుదామని నోరు తెరిచాను. ఏం చెప్పాలో మాత్రం తోచలేదు. కాగితం బల్ల మీదే ఉంది. సంతకం ఇంకా పెట్టలేదు.