రైటర్ ఇప్పుడు ఆ డెస్క్‌టాప్‌లో కలిసిపోయింది

పాలకొల్లులో మా బావగారి జిరాక్స్ షాపు కంప్యూటర్‌కి డెబియన్ లినక్స్, దానిమీద కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్ వేశాం. అన్నీ చక్కగా కుదిరాయి, కాగితాలు టైపు చేసుకునే లిబ్రేఆఫీస్ రైటర్ ఒక్కటే పెళ్ళింట్లో తెలియని చుట్టంలా ఉండిపోయింది. పాతకాలం బూడిదరంగు మెనూలు, చిన్న అక్షరాలు. అవైనా సర్దుకోవచ్చు. కౌలు కాగితాల ఫోల్డర్, ప్లాస్మాలో ఫైళ్ళు చూపించే డాల్ఫిన్‌లో ఎడమపక్కనే ఉంటుంది, రైటర్‌లో ఓపెన్ నొక్కితే మాత్రం కనబడదు. ఎదురుగా రైతు నిలబడి ఉంటే బావగారికి ఎంత టెన్షనో!

హెల్ప్‌లో అబౌట్ తెరిచి చూస్తే సంగతి తేలింది. అక్కడ 'వీసీఎల్: ఎక్స్11' అని ఉంది. విండోస్, మాక్, లినక్స్ అన్నిటిలోనూ నడవాలి కాబట్టి, మెనూలూ బటన్లూ చూపించే పని లిబ్రేఆఫీస్‌లో వీసీఎల్ అనే పొర చూసుకుంటుంది. లినక్స్‌లో దాని కింద డెస్క్‌టాప్‌ని బట్టి ప్లగిన్లు, అంటే చిన్న జోడింపులు: గ్నోమ్ డెస్క్‌టాప్‌కి జీటీకే3, ప్లాస్మా 5కి కేఎఫ్5. తగినది లేకపోతే జెన్ అనే మామూలు ప్లగిన్‌తో సరిపెట్టుకుంటుంది, అబౌట్‌లో ఎక్స్11 అని కనబడేది అదే. డెబియన్‌లో ఇవి విడి ప్యాకేజీలు. కేఎఫ్5 ప్యాకేజీ వేసి రైటర్ మళ్ళీ తెరిచాం, అంతే.

ఓపెన్ నొక్కగానే ఎడమపక్క డాల్ఫిన్‌లోని ఫోల్డర్లే, అదే వరసలో. "ఆయ్, ఇదండీ కావలసింది!" అన్నారు బావగారు. ఆయన మొహం చూస్తే, ఈ ప్లగిన్లు రాసినవాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

తెలుగు ఒత్తులు సరిగా కుదరడానికి ఈ ప్లగిన్లతో పనిలేదు. 2017లో వచ్చిన లిబ్రేఆఫీస్ 5.3 నుంచి అక్షరాల కూర్పు అన్నిచోట్లా హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీదే.

ఇక భీమవరంలో చెల్లెలి కంప్యూటర్ చూడాలి. దానిది సినమన్ డెస్క్‌టాప్, అదీ గ్నోమ్‌లా జీటీకేతో కట్టిందే, అంటే జీటీకే3 వేయాలి.