లంగరు తాడు పొడవు

ఎనిమిది మీటర్ల తెరచాప పడవలో మేము నలుగురం మూడు రోజుల పాటు తీరం వెంబడి ప్రయాణించి వచ్చాము. చూసిన దృశ్యాల సంగతి అలా ఉంచి, మొదటి రాత్రి నేను తప్పిన ఒక చిన్న లెక్క గురించి ముందు రాస్తాను.

ఆ రోజు చేరవలసిన చోటు పటం మీద పది నాటికల్ మైళ్ల దూరంలోనే ఉంది; ఒక్కో మైలు 1,852 మీటర్లు. అయితే గాలి సరిగ్గా ఆ దిక్కు నుంచే వీచింది. తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురు పోలేదు కనుక, సుమారు 45 డిగ్రీలు పక్కకు తిరిగి, కాసేపు ఎడమకూ కాసేపు కుడికీ మళ్లుతూ సాగవలసి వచ్చింది. అలా పది మైళ్లు పద్నాలుగయ్యాయి. మధ్యాహ్నం నీటి ప్రవాహం గాలికి ఎదురు తిరగడంతో కెరటాలు నిటారుగా లేచాయి, అబ్బాయికి కడుపులో తిప్పింది. లోపలికి పోయి పడుకుంటానన్న వాణ్ణి మా ఆవిడ పైనే కూర్చోబెట్టి, దిగంతాన్ని చూస్తూ ఉండమని చుక్కాని చేతికిచ్చింది. అరగంటలో కుదుటపడ్డాడు. ఆ మందు నాకూ తెలుసు గానీ, చుక్కాని వదలడానికి నాకు మనసొప్పలేదు.

సాయంత్రం ఒక చిన్న వంపులోకి చేరి లంగరు వేశాము. లోతు మూడు మీటర్లు. లోతుకు కనీసం ఐదింతలు తాడు వదలాలన్న సూత్రం గుర్తు చేసుకుని, పదిహేను మీటర్లు వదిలి నిశ్చింతగా పడుకున్నాను.

రాత్రి పదకొండు దాటాక అమ్మాయి నన్ను తట్టి లేపింది. "నాన్నా, ఆ చెట్టు బండ వెనక ఉండాలి కదా, పక్కకొచ్చిందేమిటి?" అంది. పడుకునే ముందు ఒడ్డున ఒకే వరుసలో కనబడేలా ఒక బండనూ దాని వెనక ఒంటి చెట్టునూ గుర్తు పెట్టుకున్నాము. వెన్నెల్లో ఆ రెండింటి మధ్య ఇప్పుడు జానెడు ఖాళీ కనిపించింది. పడవ ముక్కు దగ్గర తాడు మీద చేయి వేస్తే, లంగరు అడుగున గీసుకుంటూ జారుతున్న అదురు అరచేతికి తెలిసింది.

నేను లోతు చూసింది సముద్రం పాటులో ఉన్నప్పుడు. ఆ రోజు పౌర్ణమి, అంటే పోటుకూ పాటుకూ తేడా బాగా ఎక్కువగా ఉండే రోజు. అప్పటికి నీరు దాదాపు రెండు మీటర్లు పెరిగింది. తాడు కట్టిన చోటు నీటికి మరో మీటరు పైన ఉంది. ఆరు మీటర్ల ఎత్తుకు ముప్పై మీటర్ల తాడు కావాలి, నేను వదిలింది అందులో సగం. తాడు నేలకు వాలుగా ఉంటేనే లంగరు బురదలో దిగబడి ఉంటుంది, నిటారుగా లాగితే పైకి ఊడి వస్తుంది.

మిగతా తాడు వదిలి, ఇంజను వేసి మెల్లగా వెనక్కు లాగి చూశాము. ఈసారి లంగరు పట్టింది. తాడు పెరిగిన కొద్దీ పడవ తిరిగే వలయమూ పెరుగుతుంది కనుక, పక్క పడవకు తగలదని నమ్మకం కుదిరేదాకా నేను మెలకువగానే ఉన్నాను. అమ్మాయి మాత్రం దుప్పటి కప్పుకుని, మరో బండనూ మరో చెట్టునూ వరుసగా ఎంచి చూపించి, అక్కడే నిద్రపోయింది.