బాబాయి సీడీలు, లైనక్స్‌లో పేజ్‌మేకర్

కావలి ట్రంక్ రోడ్డులో బాబాయి డీటీపీ షాపు మూసి ఆరేళ్లయింది. మిగిలింది బీరువా నిండా సీడీలు: శుభలేఖలు, కరపత్రాలు, తిరునాళ్ల పోస్టర్లు. అన్నీ పేజీలు కూర్చే పాత ప్రోగ్రామ్ పేజ్‌మేకర్‌లో చేసిన ఫైళ్లే, అక్షరాలు 'అను' అనే తెలుగు ఫాంట్లవి. నా దగ్గరున్నది 4 జీబీ ర్యామ్ పాత డెస్క్‌టాప్. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయాక అందులో విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాను.

మొదటి ఆదివారం

ముందు ఒక ఫైలును లిబ్రెఆఫీస్‌లోని బొమ్మల ప్రోగ్రామ్ డ్రాలో తెరిచాను. పేజ్‌మేకర్ ఫైళ్లను అది చదవగలదు, చూసుకోవడానికి చాలు. కానీ బాబాయి దిద్దాలంటున్నాడు. ఆయన చెయ్యి అలవాటుపడింది పేజ్‌మేకర్‌కే. షాపు కోసం కొన్న పేజ్‌మేకర్ 7.0 సీడీ కూడా భద్రంగా ఉంది.

అందుకే విండోస్ ప్రోగ్రామ్‌లను లైనక్స్‌లో నడిపించే వైన్ పెట్టాను. ఇది విండోస్‌ని లోపల ఇంకో కంప్యూటర్‌లా నడపదు. ప్రోగ్రామ్ విండోస్‌ని ఏమడిగినా ఆ పనిని లైనక్స్ చేత చేయించి ఇస్తుంది. పాత మెషీన్‌కి బరువు కాకపోవడానికి కారణం అదే. పేజ్‌మేకర్ 32 బిట్‌ది కాబట్టి 32 బిట్ వైన్ ప్యాకేజీ కూడా వేసి, దానికోసం విడిగా ఒక ప్రిఫిక్స్ (వైన్ తన విండోస్ సామానంతా పెట్టుకునే ఫోల్డర్) చేశాను. ఏదైనా చెడితే ఆ ఒక్క ఫోల్డర్ తీసేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఫాంట్లను అందులోని సీ డ్రైవ్‌లో, విండోస్ కింద ఫాంట్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేశాను.

రెండో ఆదివారం

పేజ్‌మేకర్ తెరుచుకుంది. ఫైలూ తెరుచుకుంది. "ఏందిరా, సగం అక్షరాలు డబ్బాలుగా ఉండాయి?" అన్నాడు బాబాయి.

దీనికి మూడు సాయంత్రాలు పట్టింది. ఫాంట్లు తీసి మళ్లీ వేశాను, ప్రిఫిక్స్ మళ్లీ కట్టాను, లాభం లేదు. అసలు సంగతి నా డెస్క్‌టాప్ భాషలో ఉంది. నేను దాన్ని తెలుగులో పెట్టుకున్నాను. అను ఫాంట్లు యూనికోడ్‌వి, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరిచ్చే ఇప్పటి పద్ధతివి, కావు. ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో తలకట్లను, గుణింతాలను, ఒత్తులను విడివిడిగా కూర్చోబెట్టినవి. అందులో చాలా భాగం 128 దాటిన గదుల్లో ఉంటుంది. ఆ గదులు సరిగా దొరకాలంటే 1252 అనే ఇంగ్లిష్ కోడ్‌పేజీ, అంటే ఏ నంబరు గదిలో ఏ అక్షరమో చెప్పే పట్టిక, కావాలి. విండోస్‌లో తెలుగుకి అలాంటి పాత కోడ్‌పేజీయే లేదు, ఉన్నదంతా యూనికోడే. వైన్ మన లైనక్స్ భాషను చూసే కోడ్‌పేజీ ఎంచుకుంటుంది.

పేజ్‌మేకర్‌ని నడిపే కమాండ్‌కి ముందు భాషను అమెరికన్ ఇంగ్లిష్, యూటీఎఫ్-8 అని చేర్చాను. మిగతా డెస్క్‌టాప్ తెలుగులోనే ఉంది. ఈసారి కార్డు పైన "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" ఒత్తులతో సహా వచ్చింది. బాబాయి కుర్చీ ముందుకు జరుపుకొని చదివాడు, చివర్లో బంధుమిత్రుల అభినందనల దాకా.

మూడో ఆదివారం

పీడీఎఫ్ కోసం కప్స్-పీడీఎఫ్ ప్యాకేజీ వేస్తే, వైన్‌లోంచి మామూలు ప్రింటర్‌లాగే కనిపించింది. ప్రింట్ కొడితే ఫైలు హోమ్‌లోని పీడీఎఫ్ ఫోల్డర్‌లోకి వస్తుంది. పేజ్‌మేకర్ 6.5లో చేసిన పాత ఫైళ్లు 7.0లో పేరులేని కాపీగా తెరుచుకుంటాయి, అసలుది చెక్కుచెదరదు. అది నాకు పెద్ద ధైర్యం.

గీతలు పడ్డ సీడీలు రెండింటిని పాడైన డిస్కుల్లోంచి దొరికినంత చదివే డీడీరెస్క్యూతో ఇమేజ్ (పూర్తి నకలు) తీశాను. ఒకటి పూర్తిగా వచ్చింది. రెండోదాంట్లో కొన్ని ఫైళ్లు పోయాయి.

కొత్త అక్షరాలు కొట్టడం ఇంకా కుదరలేదు, తెలుగు కీబోర్డు ప్రోగ్రామ్ వైన్ కింద పలకడం లేదు. ప్రస్తుతానికి పాత కార్డుల్లోంచి అక్షరాలు కాపీ చేసి దిద్దుతున్నాడు బాబాయి. ఇప్పటికి 63 ఫైళ్లు పీడీఎఫ్ అయ్యాయి. పేర్లు ఆయన పెట్టినవే ఉంచాను: ఇంటిపేరు, ఊరు, నెల. వచ్చే ఆదివారం దగదర్తి, అల్లూరు సీడీలు.