అమ్మ ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు

కిందటి శీతాకాలంలో, న్యుమోనియా తగ్గుముఖం పట్టిందని మేము అనుకుంటున్న ఐదవ రోజున, అమ్మకు జ్వరం మళ్ళీ 102 డిగ్రీలు దాటింది. అంతకుముందు గాలి పీల్చినప్పుడల్లా కుడి డొక్కలో పొడిచినట్లు వచ్చే నొప్పి మాత్రం పోయింది, దానికి బదులు ఆయాసం మొదలైంది. నొప్పి పోవడాన్ని మేము మంచి సూచనగా భావించాము. ఊపిరితిత్తి చుట్టూ వాచి ఒరుసుకుంటున్న రెండు పొరల మధ్యకు నీరు చేరి వాటిని ఎడం చేసినందువల్లనే ఆ నొప్పి పోయిందని తరువాత తెలిసింది.

మొదట చూపించిన చోట మళ్ళీ ఎక్స్‌రే తీయకుండా యాంటీబయాటిక్ మాత్రమే మార్చారు. దానివల్ల మూడు రోజులు పోయాయి. ఆ తరువాత చూసిన వైద్యురాలు అమ్మను కూర్చోబెట్టి, వీపు మీద ఒక వేలు ఆనించి రెండవ వేలితో పైనుంచి కిందికి తట్టుకుంటూ వచ్చారు. బిందె మీద తట్టి నీరు ఎంతవరకు ఉందో తెలుసుకున్నట్లే, కుడివైపు సగం నుంచి కింద శబ్దం రాయిమీద కొట్టినట్లు మొద్దుబారింది. ఈ పరీక్షను 1761లో వియన్నాలో పుస్తకంగా ప్రకటించిన ఆవెన్‌బ్రుగ్గర్ ఒక సత్రం యజమాని కుమారుడని, పీపాలను తట్టి చూడడం ఆయన చిన్ననాడే ఎరుగునని అంటారు.

మనం వాడుకలో "ఊపిరితిత్తుల్లో నీరు" అంటాము కాని, అమ్మకు వచ్చినది ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు. ఊపిరితిత్తిని అంటిపెట్టుకుని ఒక పలుచని పొర, పక్కటెముకల లోపలి వైపున మరొక పొర ఉంటాయి. అవి రాపిడి లేకుండా జారడానికి వాటి నడుమ కొన్ని చెంచాలకు మించని ద్రవం ఉంటుంది. న్యుమోనియా వాపు అంచుల దాకా వచ్చినప్పుడు అక్కడి సన్నని రక్తనాళాల నుంచి ద్రవం ఊరి ఆ సందులో నిండుతుంది. చాలామందిలో అది కొద్దిగానే ఉండి, మందులతోనే ఇంకిపోతుంది. సూక్ష్మక్రిములు అందులో ప్రవేశించినప్పుడు మాత్రం కథ మారుతుంది: నీరు చిక్కబడి, లోపల సాలెగూడు వంటి పోగులు అల్లుకుని, గదులు గదులుగా విడిపోయి, చివరికి చీముగా మారి, ఊపిరితిత్తి మీద బెరడులా గట్టిపడుతుంది. మొదటి దశలో సూదితోనో గొట్టంతోనో బయటికి వచ్చేది చివరి దశకు చేరితే శస్త్రచికిత్స చేసి ఒలవవలసి వస్తుంది.

అమ్మ భయం మరొకటి. "నీళ్ళు ఎక్కువ తాగినందుకే చేరిందేమోరా" అని రెండు రోజులుగా గొంతు తడుపుకోవడానికి కూడా వెనకాడింది. తాగే నీటికి, ఈ నీటికి సంబంధం లేదని వైద్యురాలే ఆమె చేయి పట్టుకుని చెప్పారు. ఒకసారి నీరు తీస్తే మళ్ళీ మళ్ళీ తీయవలసి వస్తుందని బంధువులు అన్న మాట కూడా మమ్మల్ని ఒక పూట ఆపింది. ఆ పూటను తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. నీరు మళ్ళీ ఊరితే అది లోపలి జబ్బు తగ్గనందువల్లనే కాని, తీసినందువల్ల కాదు.

స్కానింగులో చోటు గుర్తించి, పక్కటెముక కింది అంచు వెంట రక్తనాళాలు నడుస్తాయి కనుక పై అంచు మీదుగా సూదిని పంపించారు. వచ్చిన ద్రవం మసకగా ఉంది. దాని పీహెచ్ (ఇది తగ్గితే ఆమ్లం పెరిగినట్లు) 7.2 కంటే తగ్గింది, చక్కెర పడిపోయింది. అంటే లోపల క్రిములు, తెల్లకణాలు ఆ చక్కెరను తిని ఆమ్లాన్ని విడుస్తున్నాయి. మన దేశంలో ఇలాంటి నీరు అనగానే క్షయను అనుమానించడం సరైనదే కనుక క్షయలో పెరిగే ఒక ఎంజైమును కొలిచే ఏడీఏ పరీక్ష కూడా చేయించారు. చీము పట్టినప్పుడు కూడా ఆ అంకె పెరగవచ్చు కాబట్టి, కణాల రకాన్ని కూడా చూసి అది క్షయ కాదని నిర్ణయించారు.

ఆ సాయంత్రమే గొట్టం వేశారు. దాని రెండవ కొనను మంచం కింద ఉన్న సీసాలోని నీటిలో ముంచి ఉంచారు. నీరు, చీము బయటికి వస్తాయి, గాలి మాత్రం లోపలికి పోలేదు. ఈ జాగ్రత్త విలువ 1918లో అమెరికా సైనిక శిబిరాలలో తెలిసింది. అక్కడ న్యుమోనియా తరువాత చీము పట్టిన సైనికులకు తొందరపడి ఛాతీని తెరిచినప్పుడు సుమారు 30 శాతం మంది మరణించగా, ఎవార్ట్స్ గ్రహాం అనే శస్త్రవైద్యుడు పనిచేసిన సంఘం గాలి చొరకుండా నీరు తీసే పద్ధతిని సూచించిన తరువాత ఆ సంఖ్య 5 శాతం లోపుకు దిగింది. అమ్మ దగ్గినప్పుడల్లా సీసాలో బుడగలు వస్తాయేమోనని రాత్రంతా చూస్తూ కూర్చున్నాను.

ఆరవ రోజున గొట్టం తీశారు. ఊపిరి వ్యాయామం కోసం గాలి పీల్చి బంతులను పైకి లేపే మూడు బంతుల పరికరంలో మొదట ఒక్క బంతి కూడా లేవలేదు. నెల తిరిగేసరికి అమ్మ రెండు బంతులను పైకి లేపి, మూడవది కదలడం చూసి నన్ను వంటింట్లో నుంచి పిలిచింది.